చేసిన పని: ఏమీ లేదు

షాపు,
జూన్ 3.

చీమకు,

రాత్రి నుంచి ముసురు. రేకుల చూరు కారుతుంటే కింద బకెట్టు పెట్టాను. చేసిన పని: బేకరీ వాళ్ళ పిండి కలిపే మోటారు విప్పి, కాలిన చుట్లన్నీ కోసి తీశాను. తీగ కూర్చునే గాడులు గీకి శుభ్రం చేశాను. కొత్త తీగ రేపు చుడతాను.

నీ ఉత్తరాలు రెండు అందాయి. రెండింట్లోనూ తేదీ ఉంది. వాతావరణం లేదు, పని లేదు. ఆ పద్ధతి నువ్వు హాస్టల్లో చేరిన రోజు నేను పెట్టింది. ఏం రాయాలో తోచకపోతే తేదీ, వానో ఎండో, చేసిన పనీ రాయి, మిగతాది దాని వెనకే వస్తుంది అన్నాను. నువ్వేమో, 'చేసిన పని: పక్క మంచం అమ్మాయి దువ్వెన దాచాను' అని రాశావు. దాచడం కూడా పనే గదా అని ఊరుకున్నాను.

చంటిపిల్ల చేతిలో ఉన్నప్పుడు తీరిక దొరకదని తెలుసు. అయినా ఆ ఒక్క గీత రాయి. అది లేకపోతే ఉత్తరం నీదిలా అనిపించడం లేదు. చీమ పని చేయలేదంటే నమ్మడం కష్టం.

బావగారు ఫోన్ చేయమంటున్నారు. ఫోన్లో నాకు 'ఊఁ' తప్ప రాదు. 'నీకంటే గోడ నయం, కనీసం మన మాట మనకు తిరిగొస్తుంది' అని నువ్వే అన్నావు.

పక్క కొట్టు సైకిళ్ళాయన, నీ మేనకోడలు ఎవరి పోలిక అని అడిగాడు. ఆసుపత్రిలో చూసినప్పుడు పిడికిళ్ళు బిగించుకుని పడుకుంది, వాళ్ళమ్మ పోలికే అని చెప్పాను.

అన్నయ్య.


మూడో అంతస్తు ఇల్లు,
జూన్ 14.

అన్నయ్యా,

ఎండగా ఉంది. చేసిన పని: పాప బట్టలు ఉతికి, ఆరేసి, మడత పెట్టాను.

ఇదిగో, నీ గీత రాశాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పాప బరువు పెరిగిందట. ఆయనకు ఈ నెలంతా రేవులో రాత్రి డ్యూటీయే. క్రేను దిగి వచ్చేసరికి నేను లేచి ఉంటాను. ఎప్పుడూ లేచే ఉంటాను అనుకో. పగలు ఆయన పడుకోవాలి కాబట్టి పాప ఏడవకుండా ఎత్తుకుని వంటింట్లో తిరుగుతాను. వంటింటి కిటికీ నుంచి ఎదురింటి గోడ కనిపిస్తుంది. అందులో ఒక పగులు ఉంది. దానికి నేను, నాకు అది బాగా అలవాటైపోయాం.

అత్తయ్య సాయానికి వచ్చి ఉన్నారు. బాలింతలందరూ ఇలాగే ఏడుస్తారు, పట్టించుకోకూడదు అంటారు. ఆవిడ నలుగురిని కన్నారు కాబట్టి ఆవిడకి తెలుస్తుంది కదా.

షాపు వెనక గది ఖాళీగానే ఉందా? ఊరికే అడిగాను.

నీ చీమ.


షాపు,
జూన్ 20.

చీమకు,

వాన తెరిపిచ్చింది. చేసిన పని: బేకరీ మోటారు బిగించి ఇచ్చాను. తిరిగింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏడుస్తున్నావని రాశావు. రాయనట్టే రాశావు గానీ రాశావు. అందుకే ఈ ఉత్తరంతో ఒక పెట్టె పంపుతున్నాను. అందులో తీగ చుట్టాల్సిన టేబుల్ ఫాన్ స్టేటర్లు నాలుగు, తీగ చుట్ట, నువ్వు వాడిన చెక్క అచ్చు, గాడుల్లోకి కాగితం ఉన్నాయి. కాగితం కత్తిరించే పెట్టాను. నీకు చుట్టడమే పని.

ఎందుకు పంపుతున్నానో చెబుతాను. మొదటిసారి కడుపు నిలవనప్పుడు నువ్వు ఇక్కడికి వచ్చి నెలపాటు ఉన్నావు. ఎవరితోనూ మాట్లాడలేదు. బల్ల దగ్గర కూర్చుని చుట్టావు. ఆ నెల షాపులో ఫాన్లన్నీ నీ చేతి మీదుగానే వెళ్ళాయి. పోయేటప్పుడు నవ్వుకుంటూ పోయావు. చేతికి పని ఉంటే మనసుకు తిరిగే తీరిక ఉండదని ఆనాడు నాకు అర్థమైంది. ఇప్పుడూ అంతే. పాప పడుకున్నప్పుడు కాసేపు చుట్టు.

వెనక గది నిండా పాత సామాను ఉంది. ఎందుకు అడిగావు?

అన్నయ్య.


మూడో అంతస్తు ఇల్లు,
జూలై 2.

అన్నయ్యా,

వాతావరణం: తెలియదు, కర్టెన్ తీయలేదు. చేసిన పని: ఏమీ లేదు.

మరిచిపోయి వదిలేసింది కాదు, కావాలని రాస్తున్నాను. ఏమీ లేదు. కిందటి ఉత్తరంలో రాసిన బట్టలు కూడా నేను ఉతకలేదు, అత్తయ్య ఉతికారు. ఆ రోజు ఎండో వానో కూడా తెలియదు.

నీ పెట్టె తిప్పి పంపుతున్నాను. నాలుగు స్టేటర్లూ అలాగే ఉన్నాయి. మూత తీశాను, వార్నిష్ వాసన పీల్చాను, పెట్టె మీద తల పెట్టి ఏడ్చాను. అత్తయ్య చూసి, 'మేనమామ బొమ్మలు పంపాడనుకున్నా, ఇనప సామానా!' అన్నారు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ఇప్పుడు నిజం రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

నాకు నిద్ర లేదు. పాప పడుకున్నా రాదు. పడుకున్న పాప దగ్గర కూర్చుని ఊపిరి ఆడుతోందో లేదో చూస్తుంటాను. అలాగని ప్రేమతో చూస్తున్నానా అంటే అదీ తెలియదు. ఎవరో కాసేపు చూస్తుండమని ఇచ్చి వెళ్ళిన మూటలా ఉంటుంది. ఆ మూటగలవాళ్ళు ఇంకా రాలేదేమిటా అనిపిస్తుంది. ఈ మాట ఆయనతో అంటే తెల్లబోయారు. నీ బావ మంచివాడే గానీ నోట్లో నాలుక లేదు. అత్తయ్యతో అంటే నోరు మూసుకోమన్నారు, గోడలకు చెవులుంటాయన్నారు.

నేను లేకపోతే ఈ ఇల్లు తేలిగ్గా నడుస్తుందని అనిపిస్తోంది, అన్నయ్యా. అనిపించడం దగ్గరే ఆగాను. ఆగడం రోజురోజుకీ కష్టమవుతోంది. అందుకే రాస్తున్నాను.

పాపను వాళ్ళ పెద్దమ్మాయి ఇంటికి తీసుకుపోతామంటున్నారు అత్తయ్య. నేను 'మనిషినయ్యాక' ఇస్తారట. డాక్టరు దగ్గరికి మాత్రం వద్దట. ఊళ్ళో తెలిస్తే పిల్లకు కూడా పేరు పడుతుందట. పాపను ఇవ్వను. దాన్ని చూస్తే నాకు ఏమీ అనిపించకపోవచ్చు, అయినా ఇవ్వను. ఇది నా జబ్బు. నేను జబ్బుపడ్డాను. అమ్మను కాకుండా పోలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మకే ఆకలేస్తే ఎవర్ని అడగాలో ఎవరూ చెప్పలేదు. నేను నిన్ను అడుగుతున్నాను.

ఇంకొక మాట. ఆ నెల నన్ను బాగుచేసింది రాగితీగ కాదు. ఏ రోజూ నువ్వు నన్ను ఏమీ అడగలేదు. వేళకు వండి పెట్టావు. నేను వెనక గదిలో పడుకుంటే, వచ్చినవాళ్ళతో 'మెల్లిగా మాట్లాడండి, లోపల మనిషి నిద్రపోతోంది' అన్నావు. గోడ అవతల నుంచి విన్నాను. జీవితంలో నువ్వు అంత పొడుగు వాక్యం మాట్లాడగా వినడం అదే మొదలు. ఆ మాట వింటూ నిద్రపోయేదాన్ని. పగలు లేచాక ఊరికే కూర్చోలేక తీగ చుట్టాను. నువ్వేమో మెచ్చుకోలంతా తీగకిచ్చి, దాన్ని పెట్టెలో పెట్టి పంపావు.

పెట్టెలో నువ్వు లేవు.

చీమ.


షాపు,
జూలై 5.

చీమకు,

గాలి. చేసిన పని: షాపు మూశాను.

పెట్టె పొద్దున అందింది. ఉత్తరం నిలబడే చదివి బావగారికి ఫోన్ చేశాను. నేను వచ్చేదాకా నిన్ను ఒంటరిగా వదలొద్దని, ఇవాళే డాక్టరుకు చూపించమని, పాపను ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను. 'బావా, మాట్లాడుతోంది మీరేనా?' అన్నారు. సెలవు పెడుతున్నానన్నారు. తర్వాత ఫోన్ నీకిచ్చారు. నేను 'వస్తున్నాను' అన్నాను. ఇదంతా నీకు తెలుసు. తెలియనిది రాస్తాను.

కాలిన మోటారు ఎవరు తెచ్చినా నేను ముందు అడిగేవి నాలుగు. ఎంత లోడు పెట్టారు, కరెంటు సరిగ్గా వస్తోందా, గాలి ఆడేచోట పెట్టారా, ఇంతకుముందు ఎప్పుడైనా కాలిందా. మోటారు చెడ్డదని ఎవరైనా అంటే నాకు కోపం. ఇన్నేళ్ళుగా ఇనుమును అడిగాను. నిన్ను అడగలేదు. ఏడుస్తున్నావని రాస్తే, ఇంకాస్త లోడు కట్టి పంపాను.

వెనక గదిలో సామానంతా బయట వేశాను. సైకిళ్ళాయన కొట్టులో కొంత పెట్టాను. షాపు అమ్మేశావా అని అడిగాడు. మా చెల్లెలికి గది కావాలి అన్నాను. నీకు, పాపకు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే నా వెనకాలే వస్తుంది. జేబులో పెట్టుకుని నేనే తెస్తున్నాను. ఎదురుగా నిలబడి ఇవన్నీ చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు.

అన్నయ్య.


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
జూలై 18.

అన్నయ్యా,

మబ్బు. చేసిన పని: తిన్నాను, మందు వేసుకున్నాను, నిద్రపోయాను. మూడోది కూడా పనేనని ఇక్కడి నర్సమ్మ అంటుంది.

రోజూ పాపను తీసుకొచ్చి ఎదురుగా కూర్చుని 'ఊఁ' అని వెళ్ళిపోతున్నావు కాబట్టి రాస్తున్నాను. వెళ్ళేటప్పుడు చేతికిస్తాను, ఇంటికెళ్ళి చదువుకో.

మొదటి రోజు నువ్వు నేరుగా ఇక్కడికే వచ్చి బయట పాపతో ఉన్నప్పుడు లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. అత్తయ్య నాతోపాటు లోపలికి వచ్చారు. డాక్టరమ్మ నన్ను అడిగితే ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. కాన్పు కష్టమైందా అంటే, 'అందరికీ అయ్యేదే' అన్నారు. రక్తం చాలా పోయిందని కాగితంలో ఉందే అంటే, 'ఎక్కించారు కదండీ' అన్నారు. నిద్ర పడుతోందా అంటే, 'పిల్లతల్లికి నిద్రేమిటి' అన్నారు. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా దిగులుగా ఉందా అంటే, 'మా ఇంటికి వచ్చాక లేదు' అన్నారు. కడుపు నిలవనిది ఆవిడ ఇంటికి వచ్చాకే, అన్నయ్యా.

అప్పుడు నేను నోరు తెరిచాను. 'అత్తయ్యా, జబ్బు నాది. నేను చెబుతాను' అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా వింటూ కూర్చున్నారు.

అన్నీ చెప్పాను. మొదటి కడుపు, ఆ నెల. ఈసారి ఆపరేషన్, రక్తం. ఆయన రాత్రి డ్యూటీలు. కాన్పుకు ముందు నేను ఫాక్టరీలో టెస్టింగ్ సెక్షన్ పని మానేయడం. మన అమ్మ లేకపోవడం. మూడో అంతస్తు, ఎదురు గోడ. లేకుండా పోతే బాగుండునన్న మాట కూడా చెప్పాను. డాక్టరమ్మ కంగారుపడలేదు, కళ్ళు తిప్పుకోలేదు. ఆ మాట చెప్పినందుకు మంచి పని చేశావమ్మా అంది. థైరాయిడ్‌కి రక్తం తీయించింది. ఇందులో ఏ ఒక్కటున్నా ఈ జబ్బు రావచ్చు, నీకు ఇన్ని కలిసొచ్చాయి, ఏవీ లేకుండా కూడా కొందరికి వస్తుంది, ఏ రకంగా చూసినా ఇది నువ్వు చేసిన తప్పు కాదు అంది. ఆవిడ అడుగుతున్నంతసేపూ నాకు షాపు గుమ్మంలో నిలబడ్డట్టే ఉంది. నీ నాలుగు ప్రశ్నలకు ఆవిడ ఇంకో పది కలిపింది, అంతే.

మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట. నేను ఆగుతాను. ఆగడం ఇప్పుడు అంత కష్టంగా లేదు.

చీమ.


మూడో అంతస్తు ఇల్లు,
జూలై 21.

చీమకు,

సాయంత్రం జల్లు పడింది. చేసిన పని: సీసాలు మరగబెట్టాను. పాపకు స్నానం చేయించాను. నీళ్ళు నా మీదే ఎక్కువ పడ్డాయి.

ఇవాళ ఇక్కడ జరిగింది వేరేవాళ్ళ నోట వినకముందే నీకు తెలియాలి. నువ్వు ఆసుపత్రిలో చేరాక వెళ్ళిపోయిన మీ అత్తగారు, పెద్ద ఆడపడుచును వెంటబెట్టుకుని వచ్చారు. అత్తగారి చేతిలో కొత్త సంచి ఉంది. నేరుగా గదిలోకి వెళ్ళి పాప బట్టలు అందులో సర్దసాగారు. మగాళ్ళిద్దరు పసిపిల్లను పెంచడమేమిటి, లోకం నవ్వుతుంది అన్నారు. ఆడపడుచు నా చేతుల్లోంచి పాపను తీసుకోబోయింది.

నేను ఇవ్వలేదు. 'వాళ్ళమ్మ వచ్చేదాకా ఇది ఈ ఇల్లు దాటదు' అన్నాను.

'నువ్వెవరు చెప్పడానికి?' అన్నారు అత్తగారు.

'వాళ్ళమ్మ చెప్పమంది' అన్నాను.

ఆవిడ బావగారి వైపు తిరిగారు. నువ్వు నోట్లో నాలుక లేదన్న మనిషి కుర్చీలోంచి లేచి, సంచి తీసుకుని, బట్టలన్నీ మంచం మీద కుమ్మరించి, మళ్ళీ మడత పెట్టడం మొదలుపెట్టారు. మడత వంకరగానే వచ్చింది. 'అమ్మా, ఇంకెప్పుడూ సంచి తేకు. చూడ్డానికి రా' అన్నారు.

అత్తగారికి కోపం, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. 'మాకెవరిచ్చారు మందులు? నలుగురిని కన్నాం, మేం బతకలేదా?' అన్నారు.

'బతికారు' అన్నాను. 'ఎలా ఉన్నావని మిమ్మల్ని ఒక్కరైనా అడిగారా అండీ?'

ఆవిడ నా వైపు తిరిగారు. 'అడిగితే మాత్రం చెప్పేదాన్నా?' అన్నారు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఖాళీ సంచి ఇక్కడే ఉంది. సీసాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

ఆవిడ మారిపోతారని నేను అనుకోను. మళ్ళీ రావచ్చు. వస్తే టీ ఇస్తాను. పాపను ఇవ్వను.

అన్నయ్య.


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
ఆగస్టు 2.

అన్నయ్యా,

పొద్దున సన్నటి తుంపర. తర్వాత ఎండ వచ్చింది గానీ తుంపర ఆగలేదు. కింద కారు షెడ్డు రేకుల మీంచి ఆవిరి లేచింది. ఒకాయన గొడుగు తెరవాలా వద్దా అని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఇదంతా నేను చూశాను. చేసిన పని: తల దువ్వుకున్నాను. ఎవరి దువ్వెనా దాచలేదు.

నిన్న మా ఇంటి కింది అంతస్తు ఆవిడ చూడ్డానికి వచ్చింది. గొంతు తగ్గించి, ఎవరైనా అడిగితే రక్తహీనత అని చెప్పు, నేనూ అలాగే చెబుతున్నా అంది. నా మంచికే అంది. నేను మామూలు గొంతుతోనే, 'కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అండీ, అలాగే చెప్పండి' అన్నాను. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. తిప్పనీ. రక్తహీనతైతే అందరిలో చెప్పొచ్చట, ఇది మాత్రం దాచాలట. రెండూ నా ఒంట్లోవే కదా. ఆవిడ లేచి వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చింది. మా చెల్లి కూడా కాన్పయ్యాక గదిలోంచి బయటికి రావడం లేదు, ఈ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది అని అడిగింది. చెప్పాను.

పాప గురించి. పెద్ద మాటలు రాయను. మొన్న నువ్వు తెచ్చినప్పుడు దాని పిడికిలి విప్పి చూశాను. లోపల దుప్పటి నూలుపోగు ఒకటుంది. ఎక్కడ సంపాదించావే దొంగా అన్నాను. అనేశాక తెలిసింది, నేను దానితో మాట్లాడుతున్నానని. మరుసటి రోజు మళ్ళీ మూటలాగే అనిపించింది. ఇలాగే ఒకరోజు వస్తుంది, ఒకరోజు పోతుంది, కంగారుపడకు అంది డాక్టరమ్మ. నేను కంగారుపడలేదు. ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు పిడికిలి విప్పి చూస్తాను.

శనివారం ఇంటికి పంపుతారట. కొన్నాళ్ళు అక్కడుండి, తర్వాత నీ వెనక గదికి వస్తాం. మందులు మానను, చూపించుకోవడం మానను. ఎవరైనా మానెయ్ అంటే నా దగ్గరికి పంపు. ఇంటికొచ్చాక కూడా నీకు ఉత్తరాలే రాస్తాను, గది నుంచి గదికి. అందులో పని ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నువ్వు అడగకూడదు.

నీ చీమ.


మూడో అంతస్తు ఇల్లు, ముందు గది,
ఆగస్టు 9.

చీమకు,

ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. చేసిన పని ఆఖరున రాద్దామని ఆపాను.

నువ్వు లోపల నిద్రపోతున్నావు. లేచాక తలుపు కింద నుంచి తోస్తాను. ఉత్తరంలో పని గురించి ఇకమీదట అడగను. నీకు పెట్టిన పద్ధతి తీసేశాను. నాకు మాత్రం ఉండనీ, అది లేకపోతే ఉత్తరం ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలియదు.

బావగారు పగటి డ్యూటీకి మార్పించుకున్నారు, ఇందాకే వెళ్ళారు. పాపకు ఎలా ఉందో గంటకోసారి ఫోన్ చేస్తానన్నారు. ఫోన్ మోగకుండా చేశాను. గంటకోసారి అది వెలిగితే తీసి 'ఊఁ' అంటున్నాను.

పొద్దున మీ అత్తగారు వచ్చారు. సంచి లేదు. గుమ్మం దగ్గరి నుంచే పెద్ద గొంతుతో, 'ఇంకా లేవలేదా?' అన్నారు. 'మెల్లిగా మాట్లాడండి, లోపల మనిషి నిద్రపోతోంది' అన్నాను. ఆవిడ మూతి ముడిచారు. చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నారు. ఇంకా అక్కడే ఉన్నారు. ఎదురు గోడలో పగులును చూస్తున్నారనుకుంటాను.

ఇక పని సంగతి. పాప తెల్లవారకముందే లేచింది. నీకు వినపడకూడదని నేను ఎత్తుకుని మెట్ల మీదికి వెళ్ళాను. అప్పటి నుంచి ఇవాళ నేను చేసిందల్లా దాన్ని ఎత్తుకుని ఊరికే కూర్చోవడమే. కాబట్టి చేసిన పని: ఏమీ లేదు.

అన్నయ్య.